ఒప్పుకున్నాక ఒక్క ప్రశ్న

"నువ్వు నోరు విప్పితే చాలమ్మా, ఆ బండి ఎత్తించేస్తారు," అంటూ గురునాథం తన అన్న కూతురు ఊర్మిళని మున్సిపల్ ఆఫీసులో లైసెన్సుల సాబ్ ముందుకు తోశాడు.

శంకర్ నగర్‌లో తన హోటల్ ఎదుటే, మొన్నటిదాకా తనకి పిండి రుబ్బిన అన్నమ్మ ఇడ్లీ బండి పెట్టింది మరి!

ఎవరి వ్యాపారం వాళ్లిష్టమని కాలేజీ డిబేట్లలో వాదించి గెలవడం ఊర్మిళకి నేర్పింది గురునాథమే. "ఎదుటివాడి మాట ముందు ఒప్పుకో. తర్వాత జవాబు దొరకని ప్రశ్న ఒక్కటి వేసి ఊరుకో," అనేవాడు.

"బాబాయికి గిరాకీ తగ్గింది, నిజమే సాబ్," అంది ఊర్మిళ.

ఆ మొదటి మెట్టు తను నేర్పిందేనని గురునాథం గుర్తుపట్టాడు. ఎదుటివాడు తనేనా?

"మరి నా ఇడ్లీలే తినండని అన్నమ్మ ఎవరి చెయ్యైనా పట్టి లాగిందా?"

సొంత అన్న కూతురే కొంప ముంచింది! "ఊర్మిళా!" అని పళ్లు నూరాడు గురునాథం.

ఊర్మిళ ఊరుకుంది. సాబ్ జవాబు కోసం గురునాథం వైపు తిరిగాడు.