అడ్డుప్రశ్న వేయనిది

“గివన్నీ మంచిగనే ఉన్నయి. మనం తప్పు చేస్తే ఆపేటిది ఏది బిడ్డా?” అని అడుగుతూనే నర్సింలు సేట్ ఛాతీ మీద చెయ్యి వేసుకుని కుర్చీలో కూలబడ్డాడు.

గిడియోన్ చేతిలోని రిపోర్టు కాగితాలు నేల మీద పడ్డాయి. “సార్! ఏమైందండీ?”

“ఏం గాలే. గ్యాస్.” మాట ధీమాగానే ఉంది కానీ నుదుటి నిండా చెమట. “దేవేందర్, బండి తియ్యమను. స్వామి ఏడి?”

“డ్రైవర్ స్వామి మీనా సల్మాన్ రేవు కాడి గోదాముకు పోయిండు సేట్. నేనే నడుపుత. దవాఖానకు పోదాం పట్టు,” అంటూ మేనేజర్ దేవేందర్ ఆయన్ని భుజం పట్టి లేపాడు. టైల్స్ దుమ్ములో పదిహేనేళ్ళు పనిచేసిన దేవేందర్‌ది ఎప్పుడూ ఏడ్చి లేచినట్టుండే బొంగురు గొంతు.

గుమ్మం దగ్గర సేట్ వెనక్కి తిరిగాడు. “రిపోర్టు ఇయ్యాల్నే కావాలె. నా నంబర్ ముందుగాల్ల పెట్టినవా?”

“పెట్టానండీ.”

ముప్పై ఏళ్ళ కిందట టైల్స్ పరిచే మేస్త్రీగా బహ్రెయిన్‌లో దిగిన మనిషి నర్సింలు. ఇప్పుడు ఆయన దుకాణానికి నాలుగు వేల మంది ఖాతాదారులు. వాళ్ళకి పండగ శుభాకాంక్షలు, కొత్త సరుకు కబుర్లు వాటంతటవే పంపే సాఫ్ట్‌వేర్ కొందామని ఆయన ముచ్చట. ఏది కొనాలో తేల్చే పని మాత్రం మూడు నెలల కిందటే అమలాపురం నుంచి వచ్చిన గిడియోన్ నెత్తిన పడింది. ఏది పంపినా ముందు తన ఫోనుకే రావాలన్నది సేట్ పెట్టిన షరతు.

బరిలో మూడు కంపెనీలున్నాయి, పరీక్షకని మూడింట్లోనూ ఖాతాదారుల నంబర్లు ఎక్కించాడు. మొదటిది మార్కెట్లో నంబర్ వన్. దానిది నిదానమే ప్రధానం. రెండో మనిషి ఒప్పుకుంటే తప్ప మెసేజ్ కదలదు. రెండోది నిరుడు నాలుగో స్థానంలో ఉండి ఈ ఏడు రెండుకి ఎగబాకింది, కానీ దానికి అరబ్బీ సరిగ్గా రాదు. మూడోది మొన్న పుట్టింది, జాబితాలో అట్టడుగున ఉంది. అయితేనేం, ఆలస్యం అమృతం విషం అనే రకం. ఒక్క నొక్కు నొక్కితే నిమిషంలో నాలుగు వేల మందికి చేరవేస్తుంది, అడ్డుప్రశ్న వేయదు. కుర్రతనం కదా, గిడియోన్ మార్కులన్నీ దానికే వేశాడు.

మధ్యాహ్నం రెండైంది. మూడైంది. దేవేందర్ ఫోను ఎత్తడం లేదు. గిడియోన్‌కి ఒక్క చోట కాలు నిలవడం లేదు. భార్య రెబెకాని ఇక్కడికి తెచ్చుకునే వీసా కాగితాలు సేట్ సంతకం కోసం టేబుల్ మీదే ఉన్నాయి. ఆయనకేమైనా అయితే దుకాణం ఎవరిది? తన ఉద్యోగం ఏమిటి? ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గేసింది. జీతం అందని మొదటి నెల సేట్ భార్య పోచవ్వ తనకి రోజూ అన్నం పంపిన సంగతి గుర్తొచ్చి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు.

నాలుగున్నరకి ఫోను మోగింది. వెనకాల ఎవరో ఏడుస్తున్నారు.

“గిడియోన్, ఇను,” దేవేందర్ గొంతు మరీ బొంగురుగా ఉంది. “సేట్ పోయిండు.”

గిడియోన్ కుర్చీలోంచి లేచాడు. “ఎప్పుడండీ?”

“గిప్పుడే. పది నిమిషాలైతుంది. నేను ఈడ దవాఖాన కాగితాల పన్ల ఉన్న. రేపటి దావత్ ఖలాస్. గిరాకీలందరికి మెసేజ్ పెట్టు, జల్ది. నా ఫోన్ల చార్జింగ్ లే—”

లైను తెగింది. మళ్ళీ చేస్తే ఫోను ఆగిపోయి ఉంది. సేట్ నంబరు నొక్కబోయి వేలు వెనక్కి తీసుకున్నాడు. పోచవ్వ ఎత్తితే ఏమని మాట్లాడతాడు?

రేపు రిఫాలో కొత్త షోరూమ్ విందు. వందల మంది వస్తారు. ముందు నంబర్ వన్ తెరిచాడు. ‘రెండో వ్యక్తి అనుమతి కావాలి: దేవేందర్’ అంది అది.

“ఇప్పుడు ఆయన్ని ఎక్కణ్ణించి తెచ్చేదే తల్లీ!” అని దాన్ని మూసేసి మూడోది తెరిచాడు.

‘మా యజమాని నర్సింలు గారు ప్రభువునందు నిద్రించారు’ అని రాసి, ఆయన ప్రతి శనివారం ఉపవాసముండే మనిషని గుర్తొచ్చి చెరిపేశాడు. ‘ఈ సాయంత్రం స్వర్గస్థులయ్యారు. రేపటి విందు రద్దు’ అని తెలుగులో, ఇంగ్లీషులో పెట్టాడు. అరబ్బీలోకి అదే మార్చుకుంది. నొక్కాడు.

అడ్డుప్రశ్న వేయలేదు. నాలుగు వేలకి నాలుగు వేలూ చేరాయి.

గిడియోన్ తల పట్టుకుని ఏడ్చాడు. దుకాణం ఫోను మోగుతోంది, ఎత్తే ధైర్యం లేదు. చివరికి కళ్ళు తుడుచుకుని తెర వైపు చూశాడు. జాబితాలో మొట్టమొదటి నంబరు పక్కన ‘చదివారు’ అని పడింది.

అది సేట్ నంబరు.

పోచవ్వ చూసి ఉంటుంది, అంతే అయి ఉంటుంది అనుకున్నాడు. ఇంతలో అదే నంబరు పక్కన ‘రాస్తున్నారు’ అని వచ్చింది. ఆగింది. మళ్ళీ మొదలైంది. జవాబు వచ్చి పడింది.

“డాక్టర్ రెండు దినాలు పండుకొమ్మన్నడు. నేను పోయింది ఇంటికి బిడ్డా.”