ఒకటో తారీఖు జీతం

సిరిసిల్ల కుట్టు ఫ్యాక్టరీలో జీతం నిమిషం నిమిషం పడుతుంది. పడ్డప్పుడల్లా మణికట్టు మీది పట్టీ టింగుమంటుంది. మిషను ఆగితే అదీ ఆగుతుంది. మంచినీళ్లకు లేచినా ఆ నిశ్శబ్దం అక్కడ చొక్కాలు కుట్టే సులోచనను తరిమేది.

నిన్న అన్నం తింటుంటే కూతురు అడిగింది. "అమ్మా, కాలెందుకు ఆడిస్తున్నవ్? ఈడ మిషన్ లేదు గద!"

పొద్దున్నే సులోచన సూపర్‌వైజర్ విఠల్ ముందు నిలబడింది. "సారూ, నా జీతం ఒకటో తారీఖున ఒక్కపారే ఇయ్యుండ్రి."

విఠల్ నవ్వాడు. "గది తాతలనాటి ముచ్చట అక్కా. ఇప్పుడు నిమిషం నిమిషం పడ్తది, ఎవలకు ఎప్పుడు ఇష్టముంటే అప్పుడు తీస్కోవచ్చు."

"నాకు ఒకటో తారీఖే ఇష్టం."

ఎంత చెప్పినా ఆమె కదల్లేదు. చివరికి అతను ఆమె జీతం ఒకటో తారీఖుకు మార్చి, పట్టీ మోగకుండా చేశాడు.

సాయంత్రం తనిఖీ నుంచి ఆమె కుట్టిన చొక్కా ఒక్కటీ వాపసు రాలేదు. రోజూ గంపెడు వచ్చేవి. విఠల్ నమ్మలేకపోయాడు. "ఏం జేసినవ్ అక్కా?"

"ఇన్ని దినాలు చెవులతోని కుట్టిన. ఇయ్యాల కండ్లతోని కుట్టిన."

పక్క మిషను మల్లవ్వ లేచి చెయ్యి చాపింది. "నాది గూడ బంద్ పెట్టు సారూ."

ఆమె వెనక మిషన్లు ఒక్కొక్కటీ ఆగాయి. టింగులూ ఆగాయి. ఈసారి ఆ నిశ్శబ్దానికి ఎవరూ ఉలిక్కిపడలేదు.