మూతి చుక్కల వైపున్న మోటారు

రాకెట్టు లేచినప్పుడు ఏం చూశారో చెప్పండి! పెద్ద మంటే కదూ? ఒకదానిపై ఒకటి పేర్చిన దాని దశల్లో కింది అంతస్తుకు ఒక చిన్న మోటారు కూడా ఉంది. ఇంధనం అయిపోయిన ఆ అంతస్తును పై అంతస్తుకు అడ్డు రాకుండా వెనక్కి నెట్టడమే దాని పని. అందుకే మంట చిమ్మే దాని మూతిని చుక్కల వైపు బిగించారు. మండితే మంట పైకి చిమ్ముతుంది, మోటారు మాత్రం కిందికే పోతుంది.

ఆకాశంలో అంతస్తులు విడిపోయాయి.

"తప్పుకోవే చెల్లీ, వెనకనుంచి గుద్దేస్తావు!" అని పై అంతస్తు చిన్న మోటారును కసిరింది.

"ఒక్క క్షణం అక్కా, చుక్కల్ని చూడనీ. నాకూ నీతో రావాలనుంది."

"నువ్వొస్తే ఇద్దరం పోతాం!"

చిన్న మోటారు ఉన్నదంతా మండించింది. ఖాళీ అంతస్తుతో పాటు సముద్రంలోకి పడుతూ, దూరమవుతున్న అక్కనే చూసింది.

పైకి చేరినవాళ్లారా, మీకోసం పడిపోయినవాళ్లకు ఏం చూడాలని ఉండేదో ఎప్పుడైనా అడిగారా?