మంగాయమ్మకి ప్లీడరు

“మొత్తం వినండి,” అన్నాడు గణపతిరావు.

“విన్నానయ్యా. మంగాయమ్మ అనే ఆవిడ మేడమెట్ల మీంచి పడింది. కాలు విరిగింది. అర్థమైంది,” అన్నాడు ప్లీడరు వేంకటరమణమూర్తి, భోజనం తాలూకు ఆవలింతని ఉత్తరీయం చాటున దాచుకుంటూ.

“అర్థమైంది సగమేనండి. మిగతా సగం ఇంకా నా నోట్లోనే ఉంది.”

మంగాయమ్మది కుట్టుపని. చోడవరం బజారులో ఓ మేడ మీద గది అద్దెకి తీసుకుని రవికలు కుడుతుంది. కాలితో తొక్కే మిషను. కాలు ఆడితే మిషను ఆడుతుంది, మిషను ఆడితే ఇల్లు గడుస్తుంది. చెక్కమెట్లు ఊగుతున్నాయని ఇంటాయనతో చెప్పి చెప్పి ఆవిడ నోరు నొచ్చిందే గాని, ఆయనకి చెవి నొప్పయినా పుట్టలేదు. ఆఖరికి మెట్టు విరిగింది, దాంతో పాటు ఆవిడ కాలూ విరిగింది. ఆసుపత్రి వాళ్ళు దవా ఇచ్చారు. ఇక దావాకి ప్లీడరు దొరకాలి. అనకాపల్లి నుంచి రప్పించుకునే తాహతు లేదు గనక చోడవరంలోనే ఎవరో ఒకరు దొరకాలి. కర్ర పట్టుకుని లేచేదాకా ఆవిడ తానుగా ఏ ప్లీడరు గుమ్మమూ తొక్కే స్థితిలో లేదు.

అందుకే గణపతిరావు పొద్దున్నే బుచ్చయ్యపేట జట్కా ఒకటి కట్టించుకుని బయల్దేరాడు.

“మెట్లు బాగు చెయ్యమని అడిగినట్టు సాక్షులున్నారా?” అన్నాడు మూర్తి, నిద్ర కాస్త వదిలి.

“వీధంతా సాక్షులేనండి.”

“అయితే ముందు నోటీసు. ఆ తరవాత మునసబు కోర్టులో దావా. కావాలంటే పోలీసు రిపోర్టు. వైద్యానికీ, పోయిన పనికీ పరిహారం తప్పదు. నన్నడిగితే రాజీ మేలు.”

రాజీ అనేసరికి గణపతిరావు మొహం మాడిన పెసరట్టయింది. మిగతా సగం కథంతా చెప్పి, ఫీజు బల్ల మీద పెట్టి లేచాడు.

“వకాలత్తు మీద సంతకం?”

“ఆలోచించుకుని వస్తానండి.”

బయట జట్కా పరదేశి గుర్రానికి గడ్డి వేస్తున్నాడు.

“ఏటి బాబూ, కుదిరిందా?”

“కుదర్లేదు. పద, ఇంకో ప్లీడరు దగ్గరికి.”

“ఇంకోడా! పొద్దున్నుంచి ఇదే వరస. ఒకాయన గెలిపిస్తానన్నాడు, ఇంకొకాయన గుండెల మీద సెయ్యేసుకుని సెప్పేడు. మీకెవులూ నచ్చరు. ఆయమ్మ మీకేటవుద్ది బాబూ, ఇంత తిరుగుతన్నారు?”

“ఏమవుతుందో అదే తేలాలి,” అన్నాడు గణపతిరావు చిరాగ్గా.

సత్యారావు ప్లీడరు ఇంటి ముందు జట్కా ఆగింది. ఆయన మధ్యాహ్నం కోర్టుకెళ్ళే తొందరలో కోటుకి ఒక చెయ్యే తొడిగాడు.

“రెండు ముక్కల్లో చెప్పండి.”

“రెండు ముక్కలైంది మెట్టండి. కథ రెండు ముక్కల్లో రాదు.”

“వాయిదా ఉందయ్యా!”

“వాయిదా వెయ్యమనండి. నేను మొత్తం చెప్పే వెళ్తాను.”

సత్యారావు రెండో చెయ్యి తొడక్కుండానే కథంతా విన్నాడు. మెట్టు ఎప్పుడు పుచ్చింది, ఎవరు చూశారు, ఎవరు ఏమన్నారు, అన్నీ. విని, “ఈ కేసు నేను పడతాను” అన్నాడు. గణపతిరావు ఫీజిచ్చి, ఆలోచించుకుని వస్తానని చెప్పి దిగిపోయాడు. కేసు పట్టబోయిన ప్లీడరు చేతికి కోటు చెయ్యే మిగిలింది.

“ఇదేం నాయం బాబూ!” పరదేశి కొరడా దించేశాడు. “సాయిబుల వీధి, కోర్టు వీధి, బెల్లం కొట్ల ఎనకాల, ఊరంతా తిప్పేరు. నా గుర్రం కూడా ఈ కేసు వాదించేస్తది. ఆడకూతురు మంచం మీద పడుంది, ఒకాయన్ని ఒప్పేసుకోరాదా?”

“ఒక్కడితో పని జరగదు.”

“మరెంతమంది?”

“ఊళ్ళో మిగిలింది అనంతరామయ్య గారొక్కరే. తోలు.”

అనంతరామయ్య పండు ముసలాయన. ఆయన తొందర పడలేదు, ఆవలించలేదు. కళ్ళు మూసుకుని కథ మొత్తం విన్నాడు. గణపతిరావుకి ఆ రోజంతట్లో దొరికిన మొదటి సుఖం అది. చెప్పడం అయ్యాక ముసలాయన కళ్ళు తెరిచాడు.

“రాజీ చేసుకో నాయనా. నలిగింది బీదమనిషి.”

“చేసుకోనండి.”

“అయితే నీ కేసు నాకొద్దు.”

గణపతిరావు కంగారుగా ఫీజు ఆయన చేతిలో పెట్టబోయాడు. “వద్దన్నా సలహా చెప్పారు కదా, ఇది ఉంచండి.”

“ఫీజు తీసుకున్నా, తీసుకోకపోయినా ఒకటే. నీ గుట్టంతా విన్నాను. ఇక అవతలి పక్షం వచ్చి బతిమాలినా నేను పట్టకూడదు. నేనే కాదు, నీ మాట విన్న ఏ ప్లీడరూ పట్టడు. మా వృత్తిలో అది మర్యాద.”

“అంతేనాండి?”

“అంతే.”

గణపతిరావు వంగి దండం పెట్టి, కుర్రాడిలా జట్కా ఎక్కాడు.

“ఈయన పట్టేడా?” అన్నాడు పరదేశి, ఆశలన్నీ వదిలేసుకుని.

“లేదు.”

“అయ్యో! మరింక ఆయమ్మ తరపున ఎవులు నిలబడతారు బాబూ?”

“ఈ ఊళ్ళో ఎవరూ నిలబడరు.”

“ఆ కబురు మంచం మీదున్న మనిషికి ఎవులు సెప్తారు?”

గణపతిరావు మీసం మీద చెయ్యి వేసుకుని వెనక్కి ఆనుకున్నాడు.

“నేనే చెప్తాను, ఆవిడ అద్దెకుండేది నా మేడలోనే.”