దొంగ కార్డు

“ఇంటికి చుట్టాలొస్తున్నారు. దొంగని పట్టుకునే ఆట చూపించు. సొంత మరదలి కొట్టుండగా ఇంకెక్కడికి పోతాం!” అన్నాడు బావ, ఏమీ జరగనట్టు.

అక్క మాత్రం బోర్డు గేముల అరలకేసి చూస్తూ నిలబడింది. అమ్మ గాజులు పోయినప్పుడు, “నీ చెల్లెలే తీసింది, కళ్లారా చూశాను” అని బావ చెప్పాడు. ఆనాటి నుంచి అక్క చెల్లెలితో మాట్లాడలేదు.

ఇలాంటి రోజు కోసమే కాచుకుని ఉన్న చెల్లెలు ఒక పెట్టె తెరిచింది.

“గుంపుకైతే ఇదే బావా. దొంగ కార్డు వచ్చినవాళ్లు అబద్ధమాడాలి, మిగతావాళ్లు నిజం చెప్పాలి. కొనేముందు ఆడి చూడండి.”

మొదటి ఆటలో అక్క బావని అడిగింది. “దొంగ మీరేనా?”

“కాదు.” నిజంగానే కాదు.

రెండో ఆటలో మళ్లీ అడిగింది.

“నీ మీద ఒట్టు, నేను కాదే!”

అక్క పకపకా నవ్వింది. “దొరికారు! అబద్ధమైతేనే మీకు నా మీద ఒట్టు గుర్తొస్తుంది.”

బావ కార్డు తిప్పాడు. దొంగే.

అక్క నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. “గాజులు పోయిన రోజు కూడా ఒట్టేశారు,” అంది మెల్లగా. “నేను అడక్కుండానే.”

“ఛ, అది వేరు. నీ మీద ఒట్...” బావ నాలుక కరుచుకున్నాడు.

చెల్లెలు తీరిగ్గా కార్డులు సర్దింది. “ప్యాక్ చేయనా బావా?”



“చెయ్యవే చెల్లీ,” అంది అక్క. “చుట్టాలందరి ముందూ ఆడదాం. నువ్వూ రా.”