కరెంటు బ్రష్షు

"పళ్ళు తోముకునే బ్రష్షుకి అంత ఖరీదా!" క్యాషియరు బాబాయి కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఫోన్లో బొమ్మని చెయ్యంత దూరం పెట్టుకుని చూశాడు. "ఆ డబ్బుకి మన షాపులో బంగారం లాంటి ఫ్రేమొస్తుందయ్యా!"

"ఇది కరెంటు బ్రష్షు బాబాయ్. దానంతటదే గిర్రున తిరుగుతుంది. రెండు నిమిషాలవగానే దానంతటదే ఆగిపోతుంది. మనం చెయ్యాల్సిందల్లా నోరు తెరవడమే," అన్నాడు భూతద్దం.

కళ్ళజోళ్ళ షాపు వెనకగదిలో అద్దాలు అరగదీసే అతణ్ణి అందరూ అలాగే పిలుస్తారు. వెంట్రుకంత గీత ఉన్నా ఆ అద్దం అతని చెయ్యి దాటి బయటికి పోదు. అద్దాల పొడి పుణ్యమా అని ఏడాది పొడుగునా ముక్కు దిబ్బడే గానీ, చూపు మాత్రం డేగ చూపు. మేనేజరు రహస్యం కనిపెట్టింది కూడా ఆ చూపుతోనే.

"మీకెవరికీ అనుమానం రాలేదూ? నేను ఎదురుగా నిలబడితే చాలు, ఆయన మొహానికి రుమాలు అడ్డం పెట్టుకుంటాడు. రెండు మాటలు మాట్లాడి ఫ్యాను పెంచుతాడు. నోటి వాసన! పాపం, తనకీ తెలుసు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు."

ఫ్రేములమ్మే అమ్మాయి బాబాయి వైపు చూసింది. బాబాయి క్యాలుక్యులేటరు వైపు చూశాడు.

"ఆయన వాసన గొడవ నీకెందుకు అన్నయ్యా?" అంది ఆ అమ్మాయి.

"నా బతుకంతా దానిమీదే ఆగింది తల్లీ! కంటి పరీక్షల కోర్సు పాసై ఏడాదైంది. రెండో కుర్చీ ఖాళీగా ఉంది. కస్టమరుకి ఎదురుగా కూర్చుని, మొహంలో మొహం పెట్టి కళ్ళలోకి చూసే కుర్చీ! అడుగుదామని వెళ్తే 'చూద్దాం, చూద్దాం' అని అరనిమిషంలో తప్పించుకుంటాడు. ఆ వాసన బాధ తీరిందనుకో, స్థిమితంగా కూర్చుని నా మాట వింటాడు."

"దానికి మామూలు బ్రష్షు చాలదూ?" అన్నాడు బాబాయి.

"మామూలుది ఇస్తే నీ నోరు కంపు అని మొహమ్మీద చెప్పినట్టే! ఇదైతే మిషను. బహుమతిలా ఉంటుంది."

"ఇంతా పోసి కొన్నాక వాడకుండా మూల పడేస్తే?"

"ఇంత ఖరీదైంది ఎవరైనా మూల పడేస్తారా! నాకెలాగూ కొనే యోగం లేదనుకో, మూడేళ్ళ నుంచి ఒకటే బ్రష్షు లాగిస్తున్నా. ఎవరైనా ఊరికే చేతిలో పెడితేనా, రోజుకి మూడుసార్లు తోముతా!"

బాబాయి వెంటనే పర్సు తీశాడు. ఫ్రేములమ్మాయి హ్యాండ్‌బ్యాగు తెరిచింది. భూతద్దానికి పెట్టే టీ కప్పుని ఎప్పట్లాగే గుమ్మంలోనే పెట్టి వెనక్కి జరిగిన ఊడ్చే పిన్ని కూడా, "నా వంతు కూడా వేసుకోండి నాయనా," అంటూ కొంగు ముడి విప్పింది.

భూతద్దం కళ్ళు చెమర్చాయి. తన కుర్చీ కోసం వీళ్ళకి ఇంత ఆరాటమా!

ఉపాయం కూడా అతనిదే. ఎల్లుండికి షాపు పెట్టి పదేళ్ళు. కేకు కోశాక లక్కీ డ్రా, బహుమతి ఈ కరెంటు బ్రష్షు. షాపులో ఉన్నది ఐదుగురు, సీసాలో ఐదు చీటీలు. ఐదింటి మీదా 'మేనేజరు' అనే ఉంటుంది.

"ఎవరూ నోరు జారకండి," అని ఒట్టు వేయించుకున్నాడు.

ఆ సాయంత్రం ఫ్రేములమ్మాయి మేనేజరు గదిలో చాలాసేపు ఉండి, నవ్వు ఆపుకుంటూ బయటికొచ్చింది. కేకు సంగతి మాట్లాడానంది.

పదేళ్ళ పండగ రోజు పొద్దున్నే భూతద్దం నీలం పెన్నుతో ఐదు చీటీలూ రాసి, మడతపెట్టి, సీసాలో వేసి బాబాయి బల్ల మీద ఉంచి పనిలో పడ్డాడు. మేనేజరు తన బల్ల దగ్గర కస్టమర్ల కంటి నంబర్లు రాస్తున్నాడు. షాపు మొత్తానికి ఆకుపచ్చ సిరా పెన్ను ఆయనొక్కడిదే.

సాయంత్రం కేకు కోశారు. మేనేజరు సీసాలో చెయ్యి పెట్టి ఓ చీటీ తీశాడు. విప్పి గట్టిగా చదివాడు.

"భూతద్దం!"

చప్పట్లతో షాపు దద్దరిల్లింది. పిన్నయితే చీపురు అవతల పారేసి మరీ కొట్టింది. భూతద్దం మాత్రం నెత్తి కొట్టుకున్నాడు. ఖర్మ! అలవాటు కొద్దీ ఒకదాని మీద తన పేరే రాసి తగలడ్డాడా?

"సార్, ఈ బ్రష్షు మీరే ఉంచుకోండి," అన్నాడు గాభరాగా. "మీకే అవసరం... అంటే, మీకే బాగుంటుంది."

"వద్దు!" అన్నారు నలుగురూ ఒక్క గొంతుతో.

మేనేజరు రుమాలు వెనక నుంచే నవ్వాడు. "అదృష్టం మీది, మీరే వాడండి. రోజూ వాడాలి సుమా! అన్నట్టు, ఒకటో తారీకు నుంచి రెండో కుర్చీ మీదే."

భూతద్దం నమ్మలేకపోయాడు. బ్రష్షు పెట్టెని గుండెలకి హత్తుకుని బాబాయిని వాటేసుకోబోయాడు. బాబాయి చటుక్కున కేకు ముక్క అడ్డం పెట్టాడు. పోనీలే, ఏ పేరుంటేనేం, కుర్చీ వచ్చేసింది! ఇంటికి ఫోన్ చేసి ఈ మాట చెబితే అవతల నుంచి పిల్లల కేరింతలు వినిపించాయి.

అప్పుడు గుర్తొచ్చింది సీసా. మిగిలిన చీటీలు మేనేజరు కంటపడితే తన గుట్టు రట్టే! గబగబా సీసా తీసుకుని వెనకగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. చించబోతూ, ఒకదాన్ని విప్పాడు. తర్వాత రెండోది, మూడోది, నాలుగోది.

నాలుగింటి మీదా ఆకుపచ్చ సిరాతో తన పేరే ఉంది.