వెతికేవాళ్ళ మాటలు

“ఈ మాట వెతికిన పిల్ల బతకదు,” అంది లాండ్రీ పెద్దమ్మ, కంప్యూటరు తెరని వేలితో పొడుస్తూ.

మేనేజరు చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. ఆ మాట ‘గృహహింస సహాయం’. ఎక్కువమంది వెతికే మాట కదా అని ఏరికోరి పట్టుకొచ్చింది. జనం ఏం వెతికితే ఏ వెబ్‌సైటు ముందు కనపడాలో చూసి మాటలు కుదర్చడంలో ఇన్నేళ్ళుగా ఆమెకి ఎవరూ వంక పెట్టలేదు.

“ఫోను మొగుడి చేతికొస్తుందమ్మా. పగలంతా పెళ్ళాం ఏం వెతికిందో రాత్రికి కూర్చుని చూస్తాడు. ఆ మాట వాడి కంటపడితే ఇంకేమన్నా ఉందా?”

పెద్దమ్మది బట్టలుతికి ఇస్త్రీ చేసిచ్చే కొట్టు. బయటికి అంతే. పైన మేడ మీద గదులున్నాయి. మొగుడి దెబ్బలకి తాళలేక కట్టుబట్టలతో వచ్చేసిన ఆడవాళ్ళు అక్కడ తలదాచుకుంటారు. ఇప్పుడు ఆ కొట్టుకి ఒక సైటు కావాలి. చూడడానికి మరకలు పోగొట్టే చిట్కాల సైటు. అడుగున ఒక ఫోన్ నంబరు, ‘ఏ వేళనైనా పిలవండి’ అని ఒక ముక్క. అర్థం కావలసినవాళ్ళకి అర్థమవుతుంది. కానీ ముందు వాళ్ళకి కనపడాలిగా?

“మా వీధి చివరింటి పిల్ల నిన్న ఆసుపత్రిలో పడింది. నాలుగిళ్ళ అవతల నేనున్నానని దానికి తెలీదు.” పెద్దమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. “రేపు పొద్దున్నకల్లా సైటు తెరవాలి. ఇంకో పిల్ల అలా పడకూడదు.”

“మరి వాళ్ళు ఏం వెతుకుతారు పెద్దమ్మా?”

“అది తెలిస్తే నీ దగ్గరికెందుకొస్తాను తల్లీ? పైనున్నవాళ్ళని అడిగాను. ఏడుస్తారు తప్ప చెప్పరు.”

మేనేజరు మూల కుర్చీలోని అమ్మాయి వైపు తిరిగింది.

“ఏమే చలిపిట్టా, నువ్వు చెప్పు.”

ఆఫీసులో అందరూ ఆ అమ్మాయిని అలాగే పిలుస్తారు. బయట ఎండ మండిపోతున్నా సరే, ఏసీ పడదంటూ మెడ చుట్టూ శాలువా తీయదు. తన కంప్యూటరుని ఇంకొకరిని ముట్టుకోనివ్వదు. మాటల దగ్గర మాత్రం మంత్రగత్తే. చెప్పుల కొట్టు సైటుకి ‘మడమ కొరికేస్తోంది’ అని పెట్టింది. కుళాయిలు బాగుచేసేవాడికి ‘కింది వాటావాళ్ళు అరుస్తున్నారు’ అని పెట్టింది. అందరూ పడీపడీ నవ్వారు. ఆ తరవాత కుళాయిలవాడికి అన్నం తినే తీరిక లేకుండా పోయింది.

“జనం వస్తువు పేరు వెతకరక్కా, బాధని వెతుకుతారు,” అంటుంది.

చలిపిట్ట కుర్చీ ముందుకి జరుపుకుంది. బల్ల మీద ఆమె ఫోను బుర్రుమంది.

“ఎత్తవే. మీ ఆయనకి గంటకోసారి నీ గొంతు వినపడకపోతే ప్రాణం నిలవదు,” అంది మేనేజరు. “మా ఆయనైతే నేను వారం కనపడకపోయినా, కూర ఎక్కడుందనే అడుగుతాడు.”

అంత దిగుల్లోనూ పెద్దమ్మకి నవ్వొచ్చింది. చలిపిట్ట ఫోనెత్తి, “ఆఫీసులోనేనండి. సరేనండి,” అని పెట్టేసింది. తరవాత ఒక ఖాళీ పేజీ తెరిచి మెల్లగా రాయడం మొదలుపెట్టింది. మిగతా ఇద్దరూ వెనక నిలబడి చదివారు.

‘దిండు గలీబు మీద రక్తం మరక పోవాలంటే.’

మేనేజరు దాన్ని పైకే చదివింది.

‘మెడ మీద కమిలిన గుర్తు కనపడకుండా.’

‘గాజుపెంకు గుచ్చుకుంటే ఇంట్లోనే కట్టు.’

మళ్ళీ రాసింది.

‘గది తలుపుకి లోపలి గడియ.’

“ఇవి మొగుడు చూస్తేనో?” అంది మేనేజరు.

“చూసినా కోప్పడడక్కా. గుట్టుగా దాచుకుంటోందిలే అని సంబరపడతాడు. గడియంటే దొంగల భయమనుకుంటాడు.”

పెద్దమ్మ తెర మీదికి వంగి ఒక్కో ముక్కా మళ్ళీ చదివింది.

“అవునమ్మా. పైనున్న పిల్లలు ఒక్కొక్కరూ ఇవే వెతికుంటారు. ఎక్కడ పట్టావే తల్లీ?”

“సీరియళ్ళు చూస్తాను కదా పెద్దమ్మా.”

“నేనూ చూస్తాను. నాకు ఏడుపొస్తుంది గానీ మాటలు రావు,” అంది మేనేజరు.

పెద్దమ్మ ఇంకేదో అడగబోయింది. అంతలో కింద హారన్ మోగింది. ఆగకుండా మళ్ళీ మోగింది. చలిపిట్ట శాలువా సర్దుకుని, సంచీ అందుకుని, పరుగులాంటి నడకతో మెట్లు దిగిపోయింది. కంప్యూటరు కట్టేయడం కూడా మరిచిపోయింది.

“చూశారా, పెళ్ళాం కోసం ఒక్క నిమిషం ఆగలేడు. పెట్టి పుట్టింది!” అంది మేనేజరు.

అయినా ఆమెకి గుబులు తీరలేదు. చలిపిట్ట ఆ మాటల్ని పేజీలో రాసిందే గానీ వెతికి చూడలేదు. అవి కొడితే ఇప్పుడు ఏయే సైట్లు వస్తున్నాయో తెలియాలి. వాటిని దాటితేనే పెద్దమ్మ సైటు ఆడపిల్లల కంటపడుతుంది. మేనేజరు మొదటిసారిగా ఆ మూల కుర్చీలో కూర్చుంది. పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుని పక్కన నిలబడింది.

వెతికే గడిలో ‘ది’ అని ఒక్క అక్షరం కొట్టింది మేనేజరు.

దిండు గలీబు, రక్తం మరక అంటూ మిగతా వాక్యమంతా చలిపిట్ట కంప్యూటరే పూర్తి చేసింది, పక్కనే దాన్ని ఇక్కడ ఇదివరకే వెతికారని చెప్పే చిన్న గడియారం బొమ్మతో.